కస్టర్ ఓడిన కొండ

ప్రశ్న: ఎల్లోస్టోన్ వెళ్తుంటే మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి అని బోర్డు కనపడింది, పిల్లలు గోల చేస్తున్నారని ఆగలేదు. అక్కడ ఏం జరిగిందండీ?
- ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అయ్యో, ఓ గంట ఆగాల్సిందండీ! 1868లో బ్లాక్ హిల్స్ అనే కొండలు మీవేనని అమెరికా ప్రభుత్వం లకోటా అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్లకి ఒప్పందం రాసిచ్చింది, 1874లో అక్కడ బంగారం బయటపడింది, ఇంకేముంది, ఆ సంతకాలు నీళ్లపాలు. రిజర్వేషన్‌కి, అంటే ప్రభుత్వం ఆదివాసీలకి గిరిగీసిచ్చిన ప్రాంతానికి, రామని భీష్మించిన లకోటా, షయాన్ తెగల వాళ్ల మీదికి సైన్యం వెళ్లింది. 1876 జూన్ 25న కస్టర్ అనే అమెరికా సైన్యాధికారి తన దళాన్ని ముక్కలుగా విడగొట్టి మరీ వాళ్ల గుడారాల మీద పడ్డాడు, తనతో ఉన్న 200 మందికి పైగా సైనికుల్లో ఒక్కడూ మిగల్లేదు. గెలిచినవాళ్లకి దక్కిందేంటంటే, ఏడాది తిరక్కుండానే బ్లాక్ హిల్స్ పోయాయి!

ఇప్పుడు ఆ గడ్డి వాలు మీద సైనికులు పడ్డ చోట తెల్ల పాలరాళ్లు, ఒకచోట గుంపుగా, ఒకచోట ఒంటరిగా కనిపిస్తాయి, 1890లో పాతినవి. అవతలి యోధులకి ఎర్ర రాళ్లు పెట్టడం మొదలైంది మాత్రం 1999లో, చూశారా ఎంత లేటో. ఆ యుద్ధభూమి పేరులోంచి కస్టర్ పేరు తీసేసిందీ 1991లోనే. బ్లాక్ హిల్స్ లాక్కున్నందుకు 1980లో సుప్రీంకోర్టు 10 కోట్ల డాలర్లకి పైగా పరిహారం ఇమ్మంది, లకోటా వాళ్లు డబ్బు ముట్టుకోలేదు, మా కొండలు మాకివ్వండి అంటున్నారు.