సర్జరీ అనుకుని చేరి ఇప్పుడు సైకియాట్రీ అంటే తప్పా?

తమ్ముడూ, ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో సర్జన్ అవుతానని అందరికీ చెప్పేశా, ఇప్పుడు ఫైనలియర్‌లో సైకియాట్రీ మీదకి మనసు పోతోంది, నాకు నిలకడ లేదా అని అడిగావు కదా. నిలకడకీ దీనికీ సంబంధం లేదు. చేరేటప్పుడు మనకి తెలిసింది ఆపరేషన్ థియేటరే, స్కాన్లు చూసే రేడియాలజీ, ల్యాబ్‌లో శాంపిళ్లు పరీక్షించే పాథాలజీ వాళ్లు రోజంతా ఏం చేస్తారో అప్పటికి ఎవరికి తెలుసు, పోస్టింగుల్లో (ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో కొన్నాళ్లు పని నేర్చుకోవడం) పడ్డాకే కదా అసలు సంగతి తెలిసేది, అందుకే చాలామంది మధ్యలో మారతారు.

మొదట్లో ఇంట్రెస్టు, పేరు చూస్తాం, చివరికొచ్చేసరికి నైట్ డ్యూటీలు, ట్రైనింగ్ ఎన్నేళ్లు, అప్పులు, ఇల్లూ పిల్లలూ అన్నీ లెక్కలోకొస్తాయి. డెర్మటాలజీకి, అంటే చర్మ వైద్యానికి, అంత పోటీ ఉండేదీ టైమ్ మన చేతిలో ఉంటుందనే (డబ్బు కూడా అనుకో).

ఒక్కటి మాత్రం చూసుకో, నీకు నచ్చింది సబ్జెక్టా, లేక ఆ పోస్టింగులో బాగా చెప్పిన మేడమా? సీనియర్ అరిచాడని సర్జరీ మీద విసుగొచ్చినా అంతే, ఆ మనిషి రేపు నీతో ఉండడు. ఎలక్టివ్ (మనం ఎంచుకుని చేసే పోస్టింగ్) దొరికితే రెండూ వేరే యూనిట్లలో చెయ్, రెసిడెంట్ (అక్కడ పీజీ చేస్తున్న డాక్టర్) వెనకాల తిరుగు, పెద్ద కేసులు కాదు, రోజూ ఉండే ఓపీ, కేస్ షీట్లు, ఫాలో అప్‌లు చూడు. ఏ బోరు భరించగలవో నీకే తెలిసిపోతుంది.