ఉద్యోగం మానేసినా ఆఫీసు కంప్యూటర్ల టెన్షన్ వదలడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. భీమవరంలో రొయ్యల వ్యాపారం చేసే ఆఫీసులో పదకొండేళ్లు అకౌంట్స్, కంప్యూటర్లు చూశాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ (వైరస్‌ల నుంచి కాపాడే ఉచిత అప్‌డేట్లు) ఆగిపోతుంది, ఈలోగా బ్యాకప్ తీసి కొత్తదానికి మారదామని ఏడాదిపాటు మొత్తుకున్నాను. ‘బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం’ అన్నారు. మానేసి మూడు నెలలైంది. ఇప్పుడు బిల్లింగ్ ఆగిపోయిందని నాకే ఫోన్లు చేస్తున్నారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. లేచి, అప్పుడు పంపిన మెయిల్ తీసి తేదీ చూసుకుంటాను. ఛాతీ బరువుగా ఉంటోంది, పుల్లటి తేన్పులు. మెడికల్ షాపులో బీపీ 152/96 వచ్చింది, నిద్రమాత్ర కూడా ఇచ్చారు. వాడవచ్చా?

జవాబు: ముందు ఛాతీ బరువు సంగతి. గ్యాస్ అనుకుని గోలీ సోడా తాగి ఊరుకోకండి. రేపే వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఆ బరువు ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

షాపులో ఒక్కసారి చూసిన బీపీతో ఏదీ తేల్చలేం. ఇంట్లో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, వారంపాటు ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు చూసి రాసుకోండి. అంతకు అరగంట ముందు టీ, సిగరెట్ వద్దు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు చూడండి. 135/85 దాటితే ఆ కాగితంతో ఫిజీషియన్‌ను కలవండి. ఈలోగా ఆవకాయ, ఉప్పు చేప పక్కన పెట్టండి. మన వైపు ఇది కష్టమని నాకు తెలుసు, అయినా తప్పదు.

చీటీ లేకుండా ఇచ్చిన నిద్రమాత్ర వాడొద్దు. వాటిలో కొన్ని అలవాటైపోతాయి. ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇక అసలు బాధ. మీరు చెప్పింది చాదస్తం కాదు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. పదకొండేళ్లు చేసిన చోట మాట చెల్లకపోతే మనసు కష్టపడుతుంది, అది జబ్బు కాదు. కానీ రాత్రి రెండింటికి మెయిల్ తెరవగానే మీరు మళ్లీ ఆ ఆఫీసులో నిలబడి ‘అప్పుడే చెప్పానుగా’ అని వాదిస్తున్నారు. శరీరానికి అది పాత గొడవని తెలియదు. గుండె వేగం పెరుగుతుంది, నిద్ర చెదురుతుంది. మీ తేన్పులు కూడా దీంతో ఎక్కువవుతూ ఉండొచ్చు.

ఆ మెయిల్ ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. ఫోన్‌లోంచి తీసేయండి. బ్యాకప్ ఎక్కడుంది, ఏ సిస్టమ్‌లో ఏముంది, ఎవరిని పిలవాలి అన్నది ఒక కాగితం మీద రాసి వాళ్లకు పంపండి. ఫోన్ చేస్తే పగలు పదకొండు నుంచి పన్నెండు మధ్యే మాట్లాడతానని చెప్పండి. వచ్చి చేయమంటే డబ్బు అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

సాయంత్రం నాలుగు తర్వాత టీ మానేయండి. పొద్దున్నే కాలువ గట్టు మీద నడక మంచిదే, కానీ ఈసీజీ చూసిన డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ పడుకోండి. ఫోన్ మాత్రం వేరే గదిలో ఉండాలి. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.