అమ్మాయికి నెలసరి గురించి ముందే చెప్పాలా, వచ్చాక చెప్పాలా?

"మా పాపకు పదో ఏడు, ఇప్పుడే చెబితే భయపడుతుందేమో" అని అడిగారు. ఇప్పుడే చెప్పండి. తెలిసి భయపడే పిల్లల కంటే తెలియక భయపడే పిల్లలే ఎక్కువ. మీ అమ్మగారు దగ్గరుంటే ఆవిడ చేత కూడా చెప్పించండి. స్కూల్లో చెబుతారులే అని మాత్రం వదిలేయకండి. ఆ పాఠం వచ్చేసరికి "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేసే టీచర్లు ఇంకా ఉన్నారు.

మాది తెనాలి వైపు. నేను పెద్దమనిషినైనప్పుడు చాప వేసి కూర్చోబెట్టారు, నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి చిమ్మిలి పెట్టారు, పేరంటాళ్ళు వచ్చి హారతి పాడారు. ఆ రక్తం ఎందుకు వస్తోందో అంతమందిలో ఒక్కరూ చెప్పలేదు. రాత్రి అమ్మమ్మ పక్కన పడుకోబెట్టుకుని, "నెలనెలా వస్తుంది, నాలుగైదు రోజులుంటుంది, ఒంటికి మంచిదే" అంది. ఆ మూడు ముక్కలతోనే నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు మా ఊళ్ళో ఈ ఫంక్షన్‌కి సెంటర్లో ఫ్లెక్సీలు కడుతున్నారు. నీ ఫొటో పెట్టమంటావా అని ఆ పిల్లను అడిగే దిక్కు లేదు.

మొదలయ్యేటప్పుడు ఈ మాత్రమైనా చెబుతారు. ఆగిపోయేటప్పుడు ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు. నాకు అసలు బాధ అదే.

మా అమ్మకు నలభై ఆరేళ్ళప్పుడు రెండు మూడు నెలలు రాకపోవడం, వస్తే విపరీతంగా కావడం మొదలైంది. సంక్రాంతి చలిలో తెల్లవారుజామున పెరటి గడప మీద కూర్చుని విసనకర్రతో విసురుకునేది. జాకెట్ వీపంతా తడిసిపోయి ఉండేది. టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళితే, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా గర్భసంచి ఎందుకు? ఉంచుకుంటే క్యాన్సర్ రావచ్చు" అని ఆపరేషన్‌కి రోజు కూడా చెప్పేశారు. నాన్న టెన్షన్ పడుతూ డబ్బు సర్దుతున్నారు. సంగతి తెలిసి అమ్మమ్మ బస్సెక్కి వచ్చింది. వచ్చీ రాగానే అమ్మ మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది.

"మొహంలోకి సెగలొస్తున్నాయా? అరికాళ్ళు మంటలా?"

"ఊఁ."

"నాకూ అంతేనే, మీ పెద్దమ్మకూ అంతే. ముట్లుడిగే వయసమ్మా ఇది. దీనికి కొయ్యడమెందుకు?"

అమ్మ ఏడ్చేసింది. "మరి నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వడగలేదు, నేను చెప్పలేదు" అంది అమ్మమ్మ.

తర్వాత గుంటూరులో ఇంకో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించి, గర్భసంచి బాగానే ఉందని ఐరన్ మాత్రలు రాసింది. ఆపరేషన్ లేకుండానే అమ్మ గట్టెక్కింది.

మా అమ్మకైతే చెప్పడానికి అమ్మమ్మ ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. డబ్బాశ పడే ఆసుపత్రుల తప్పు ఉంది, కాదనను. కానీ తల్లులు ముందే చెప్పి ఉంటే ఇందులో సగం ఆపరేషన్లు జరిగేవి కావని నా గట్టి నమ్మకం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. పొలం పనికి వెళ్ళే మనిషికి అదెంత నష్టమో చూడండి.

అలాగని అన్నీ వయసు మీదికి తోసేయకూడదు. రక్తం మరీ ఎక్కువగా పోతుంటే గర్భసంచిలో గడ్డలేమైనా ఉన్నాయేమో, థైరాయిడ్ ఏమో చూపించుకోవాలి. ఏడాది పాటు పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ చుక్క కనబడినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కొయ్యాలంటే మాత్రం ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి.

కాబట్టి మీ పాపతో కూర్చున్నప్పుడు ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించి ఊరుకోకండి. మీ అమ్మగారికి ఏ వయసులో ఆగింది, అప్పుడు ఆవిడకు ఎలా ఉండేది అని పాప ముందే అడగండి. ఇంట్లో మగపిల్లాడుంటే వాణ్ణీ కూర్చోబెట్టండి.