రంజాన్ ఒక్కపొద్దు ఉన్నప్పుడు వచ్చే కోపం గురించి అల్లుడికి

అల్లుడా, నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట రాత్రంతా నా మనసులో తిరగతానే ఉంది. పొద్దుగూకేసరికి పిలకాయల మీద అరుస్తా ఉండాను, ఇట్టాంటి ఒక్కపొద్దు అల్లా ఒప్పుకుంటాడా మామా అన్నావే, ఆ భయం ఉండాల్సిందే కానీ దానికని రోజా వదలమాక.

ముందు టీ సంగతి చూసుకో. రోజుకి ఆరు టీలు తాగేవాడివి ఒక్కసారి ఆపితే 12 నించి 24 గంటల లోపల తలనొప్పి పట్టుకుంటది, రెండు రోజులు బాగా ఉంటది, చిరాకంతా దాంట్లోంచే. మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లో గొడవలు ఎక్కువయ్యేది అందుకే. వచ్చే ఏడు రంజాన్‌కి ముందు వచ్చే షాబాన్ నెలలోనే ఆరు కాస్తా మూడు, మూడు కాస్తా ఒకటి చెయ్యి. సిగరెట్టూ అంతే. రాత్రి తరావీ నమాజ్ అయినాక ఫోన్ చూస్తా కూర్చుంటే తెల్లారకముందే సహరీ తిండికి లేచేసరికి నిద్ర ఎక్కడుంటది, మధ్యాహ్నం జోహర్ నమాజ్ తర్వాత ఒక ఇరవై నిమిషాలన్నా కన్ను మూయి.

2018లో రంజాన్ రోహిణి కార్తెలో పడింది, కావలి ఎండ నీకు తెలుసు కదా, అప్పుడు నా పరుపుల కొట్లో సాయంత్రం అయిదున్నరకి కుట్టు వంకర పోయిందని పనిపిల్లోడి మీద నోటికొచ్చినట్టు అరిచినా. వాడూ ఒక్కపొద్దే. పెదాలు ఎండిపోయి తెల్లగా పగిలి ఉండాయి, తలలో దూది, ఒక్క మాట మాట్లాడకుండా దబ్బనంతో ఆ కుట్టంతా విప్పతా కూర్చున్నాడు. ఇఫ్తార్ అయినాక మాఫ్ చెయ్యిరా అని అడిగినా కానీ ఆ పెదాలు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉండాయి.

రోజా డాలు లాంటిది, ఎవరన్నా తిట్టినా గొడవకొచ్చినా నేను రోజాతో ఉండా అనండి అని ప్రవక్త చెప్పినారు. మనోళ్ళు ఆ మాటని బెదిరింపుగా వాడతారు, నేను రోజాలో ఉండా నాతో పెట్టుకోమాక అని. ఆ మాట ముందు మన నోటికి చెప్పుకోవాలరా. కోపం వస్తే నిలబడి ఉన్నోడు కూర్చోవాల, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాల అని కూడా ప్రవక్త చెప్పిన హదీసు ఉంది. నేనైతే సాయంత్రం అసర్ నమాజ్ అయినాక షట్టర్ సగం దించి మళ్ళీ వుజూ చేసుకుంటా, అదే మొహం చేతులు కాళ్ళు కడుక్కుంటా, చన్నీళ్ళు మొహాన పడితే సగం దిగిపోద్ది. ఆ టైములో కోడలు పిల్ల కూడా నీళ్ళు తాగకుండానే పొయ్యి దగ్గర సెగకి నిలబడి ఉంటది, నువ్వు పోయి ఆ పండ్లన్నా కోసిపెట్టు.

ఇంకోటి, మీ నాయనకి షుగర్ కదా, ఉన్నట్టుండి ఆయన విసుక్కుంటా చెమటలు పట్టి చేతులు వణికితే దాన్ని కోపం అనుకోమాక, వెంటనే షుగర్ మిషన్‌తో చూడు, వేలికి సూది గుచ్చితే రోజా చెడదు, 70 కంటే తగ్గితే ఇంకో పది నిమిషాల్లో ఒక్కపొద్దు విడిచే అజాన్ అన్నా సరే ఆగకుండా చక్కెర నీళ్ళు తాగించు. జబ్బుగా ఉన్నోళ్ళు వేరే రోజుల్లో లెక్క తీర్చుకోవచ్చని ఖురాన్ బఖరా సూరాలోనే ఉంది, ఆయన వినకపోతే నాకు ఫోన్ ఇయ్యి.

రేపు అసర్ నమాజ్ కాగానే నాకు ఫోన్ చెయ్యి, నీకు కష్టమయ్యేది ఆ గంటే కదా, పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యేదాకా ఇద్దరం మాట్లాడుకుందాం.

మీ మామ