మీ నాన్నగారి రాజ్‌దూత్ 350ని రోడ్డెక్కించే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

తిరుపతి నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. చిత్తూరు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన మీ నాన్నగారి రాజ్‌దూత్ 350ని నీ చేతులతోనే బాగుచేసుకుంటానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. ఇవన్నీ ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, మిగతా సగం తారుమారవుతుంది. అందుకే ఉత్తరంగా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒకటుంది: ఈ ఉత్తరంలోని పనులు పూర్తయ్యేదాకా ఆ బండికి కిక్ కొట్టవద్దు. స్నేహితులు చుట్టూ చేరి, ఒక్కసారి కొట్టి చూద్దాం, పలుకుతుందేమో అంటారు. ఎవరి మాటా వినవద్దు. ఇన్నేళ్లు ఆగిపోయిన టూ స్ట్రోక్ బండిలో ఇంజన్ స్టార్ట్ చేయడం మొదటి పని కాదు, చివరి పని.

పైసా ఖర్చు పెట్టే ముందు కాగితాలు చూడు. అమ్మ బీరువాలో ఆర్సీ ఉంటుంది. అందులోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్న నంబర్లతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించుకోవాలి. నాన్నగారు లేరు కనుక వారసుడిగా నీ పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 కూడా కావాలి. రెన్యువల్ సమయంలో రవాణా శాఖ వాళ్లు బండిని స్వయంగా చూస్తారు కాబట్టి అది నడిచే స్థితికి వచ్చాకే అక్కడికి పోవాలి. కానీ నంబర్లు కలవని బండి మీద డబ్బు పోయడం దండగ కనుక ఈ పరిశీలన మాత్రం ముందే జరగాలి.

ఆ బండి సంగతి నీకు తెలిసినదానికంటే కొంచెం ఎక్కువ తెలియాలి. ఎస్కార్ట్స్ వారు యమహా లైసెన్సుతో 1983లో మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టిన బండి అది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చిన హై టార్క్ మోడల్ 30.5 హార్స్ పవర్ ఇచ్చేది, మైలేజీ కోసం తర్వాత తెచ్చిన లో టార్క్ మోడల్ 27 ఇచ్చేది. రెండింటికీ సిలిండర్లలోని పోర్టులూ (మిశ్రమం, పొగ పోయే ద్వారాలు) సైలెన్సర్లూ వేరు. కాబట్టి నాన్నగారి బండి ఏ రకమో తేల్చుకోకుండా ఎవరో ఇస్తామన్నారని బోరు సెట్టు (సిలిండర్లు, పిస్టన్ల జత) కొనవద్దు.

ఇంజన్ పట్టేసి ఉంటుందనే అనుకో. రెండు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో డీజిలు, ఇంజన్ ఆయిలు కలిపి పోసి కొన్నాళ్లు వదిలేయి. తర్వాత టాప్ గేరులో వేసి, ప్లగ్గులు విప్పి ఉండగానే, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించు. కదలకపోతే మళ్లీ పోసి మళ్లీ ఆగు, అంతేగాని బలం చూపించవద్దు. కదిలినా సంతోషపడి బిగించేయకూడదు. హెడ్డు, సిలిండర్లు దింపి లోపల చూడాల్సిందే. పిస్టన్ రింగులు తమ గాడిలో స్వేచ్ఛగా ఆడుతున్నాయా, సిలిండరు గోడ మీద తుప్పు గీత వేలిగోటికి తగులుతోందా అని చూడు. గోటికి తగిలితే బోరింగ్, అంటే సిలిండరు లోపలి గోడను అరగదీసి కొంచెం వెడల్పు చేయించడం, తప్పదు. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మిల్లీమీటర్ల మెట్లలో దొరుకుతాయి. ముందు పిస్టన్లు కొని, వాటిని లేత్ పనివాడి చేతికిచ్చి, వాటి కొలతకు బోరు చేయించాలి. బోరు చేయించి పిస్టన్ల కోసం తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. ఈ పని వెల్లూరులో బాగా చేస్తారు, మీ ఊరికి దగ్గర కూడా.

ఇక నేను అన్నిటికంటే పట్టుబట్టి చెప్పేది క్రాంక్ (పిస్టన్లు పైకీ కిందికీ ఆడితే తిరిగే ఇరుసు) ఆయిల్ సీళ్ల గురించి. నాలుగు స్ట్రోకుల బండిలో క్రాంక్ కేసు కేవలం ఆయిలుకు ఇల్లు. టూ స్ట్రోకులో అలా కాదు, పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ కేసులోకి వచ్చి, అక్కడ ఒత్తిడికి లోనై, పిస్టన్ పైకి చేరుతుంది. క్రాంకు రెండు చివర్లలో ఉన్న రబ్బరు సీళ్లు ఆ ఒత్తిడిని కాపాడతాయి. బండి ఏళ్లపాటు కదలకుండా ఉంటే వాటి పెదవులు ఎండి గట్టిపడిపోతాయి. ఎడమ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి చొరబడుతుంది, మిశ్రమం పలచబడుతుంది, ఆక్సిలరేటరు వదిలినా ఇంజన్ దానంతటదే పరుగెత్తుతుంది, చివరికి వేడికి పిస్టన్ కరిగి సిలిండరుకు అతుక్కుంటుంది. కుడి వైపు, అంటే క్లచ్ వైపు సీలు పోతే గేరుబాక్సు ఆయిలును ఇంజన్ పీల్చుకుంటుంది. సైలెన్సరు నుంచి చిక్కటి తెల్లపొగ ఆగకుండా వస్తుంది, కింద ఒక్క చుక్క కారకపోయినా గేరుబాక్సులో ఆయిలు తగ్గిపోతూ ఉంటుంది. కొత్త పిస్టన్లు వేసి పాత సీళ్లు వదిలేస్తే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే. కేసులు విప్పి సీళ్లు మార్చడమే సరైన పద్ధతి. అవి విప్పి ఉన్నప్పుడే కనెక్టింగ్ రాడ్లను పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడు. ఆ దిశలో ఏమాత్రం ఆట ఉన్నా క్రాంకును బాగుచేయడానికి ఇవ్వాలి.

బిగించిన తర్వాత గాలి నిలుస్తోందో లేదో పరీక్షించడానికి నేను వాడే ఉపాయం ఒకటుంది. పాత బీపీ మిషను మీటరు, దాని రబ్బరు బుడ్డి తీసుకో. కార్బొరేటర్లు బిగించే చోట్లనూ, సైలెన్సరు చోట్లనూ మందపాటి రబ్బరు ముక్కలతో గట్టిగా మూసి, ఒక ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించి, రెండోదానికి ప్లగ్గు బిగించు. క్రాంకు మధ్యలో ఉన్నది రబ్బరు సీలు కాదు, లాబిరింత్ సీలు, అంటే సన్నటి గాళ్లున్న లోహపు సీలు. దాని గుండా గాలి ఒక సిలిండరు నుంచి రెండోదానికి పోతుంది కాబట్టి రెండు వైపులా ఒకేసారి మూయాలి. మీటరు ముల్లు 300 దాకా ఎక్కించి ఆరు నిమిషాలు చూడు. అది ఇంచుమించు 6 పీఎస్ఐ. ముల్లు 250 కంటే కిందికి దిగితే ఎక్కడో కారుతోంది. సబ్బు నీళ్లు కుంచెతో అతుకులన్నిటికీ పూస్తే బుడగలు వచ్చే చోటే దొంగ దొరుకుతాడు. ఈ పరీక్షలో నెగ్గని ఇంజన్‌ను ఫ్రేములో ఎక్కించవద్దు.

ఇంజన్ కింద ఉండగానే రీడ్ వాల్వుల (మిశ్రమాన్ని లోపలికి మాత్రమే పోనిచ్చే తలుపులు) రేకులను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడు. అంచు చిట్లిన రేకు ఒక్కటి ఉన్నా అది విరిగి లోపలికి పోతుంది.

ట్యాంకులో తుప్పు ఉండటం ఖాయం. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును వేడి నీళ్లలో కరిగించి నింపి, ఒక రాత్రి ఉంచి, పారబోశాక వంట సోడా నీళ్లతో కడుగు. ఆరిన వెంటనే 2టీ ఆయిలు (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిలు) పోసి లోపలంతా తడిసేలా తిప్పాలి, ఆలస్యం చేస్తే గంటల్లోనే మళ్లీ ఎర్రపొర పడుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బర్లను చెడగొడుతుంది. కనుక పెట్రోలు పైపులు, ట్యాప్ వాషర్లు, కార్బొరేటరు రబ్బర్లు అన్నీ కొత్తవి వేయి. బండిని వారాల తరబడి ఆపేటప్పుడు కార్బొరేటర్లు ఖాళీ చేసి పెట్టు. కార్బొరేటరులో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల ముక్కలైన జెట్లను ఇనుప తీగతో పొడవవద్దు, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్టు పనికిరాదు. ఆక్సిలరేటరు తిప్పితే రెండు కార్బొరేటర్ల స్లైడులూ ఒకే క్షణంలో లేవాలి, ఒకటి ముందు లేస్తే ఒక సిలిండరే బరువంతా మోస్తుంది.

ఈ బండికి పాయింట్లు, అంటే స్పార్కును సమయానికి పడేలా చేసే చిన్న స్విచ్చులు, రెండు సెట్లు, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్కటి. పాయింట్ల సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పిస్టన్ పైకి చేరడానికి 2 మిల్లీమీటర్ల ముందు స్పార్కు పడాలి. కంటి అంచనాతో పెట్టే మెకానిక్కులను నమ్మకుండా ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ కదలికను కొలిచే డయల్ గేజి పెట్టి రెండింటికీ విడివిడిగా చూడు. కండెన్సర్లు మార్చేయి. ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టవద్దు, మార్చు.

స్టార్ట్ చేసే ముందే బ్రేకులు పూర్తి కావాలి. దీనికి ముందూ వెనకా డ్రమ్ములే, ఈ వేగానికి అవి కొత్తగా ఉన్నప్పుడే చాలీచాలనివి. లైనర్లు మార్చు, పాత లైనర్ల దుమ్మును నోటితో గానీ కంప్రెసరుతో గానీ ఊదవద్దు, అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడువు. టైర్ల మీది గాళ్లు బాగానే కనిపించినా పక్కన ఉన్న నాలుగంకెలు చూడు, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ముందు 3.00-18, వెనక 3.50-18 కొత్తవి వేయించు.

ఆ తర్వాతే కిక్. ఇంజన్‌కు 2టీ ఆయిలును దానంతటదే అందించే ఆటోలూబ్ పంపు పనిచేస్తున్నట్టు కనిపించినా మొదటి ట్యాంకుకు దాన్ని నమ్మవద్దు. లీటరు పెట్రోలుకు 50 మిల్లీలీటర్ల 2టీ ఆయిలు కలిపి పోసి, పంపు బ్లీడ్ స్క్రూ వదులుచేసి బుడగలు ఆగేదాకా గాలి తీయి. మొదట రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, ఇంజన్ చేతికి చల్లబడే దాకా ఆగు. ఇలా కొన్నిసార్లు చేశాక హెడ్డు నట్లు మళ్లీ బిగించు. మొదటి 500 కిలోమీటర్లు 4000 ఆర్పీఎం దాటవద్దు. ప్లగ్గు విప్పి చూస్తే ఇటుక రంగులో ఉంటే మంచిదే. తెల్లగా ఉంటే ఆ రోజుకు బండి తీయవద్దు, ఎక్కడో గాలి పీల్చుకుంటోందని అర్థం.

మొదటి ప్రయాణం కాణిపాకం దాకా చెయ్యి. ఎలాగూ అమ్మ పూజ చేయించమంటుంది, దారి కూడా దగ్గర. పలమనేరు వైపు మొగిలి ఘాటుకు తొందరపడవద్దు. దిగుడులో ఆక్సిలరేటరు పూర్తిగా మూసి చాలాసేపు దొర్లితే పెట్రోలుతో పాటు వచ్చే ఆయిలు కూడా అందక పిస్టన్ పట్టేస్తుంది. దిగేటప్పుడు మధ్యమధ్య క్లచ్ పట్టి కొంచెం ఆక్సిలరేటరు ఇస్తూ ఉండాలి. మీ నాన్నగారు ఆ దారిన అలాగే దిగేవారు.

విప్పిన ప్రతి ముక్కనూ, విరిగినదైనా సరే, పేరు రాసి డబ్బాలో పెట్టు. కొత్తది సరిపోయేదాకా పాతది పారేయవద్దు. సీళ్లూ పిస్టన్లూ మద్రాసు జీపీ రోడ్డులో వెతుకుదాం, అక్కడ లేనివి పుదుపేటలో. నమూనా చేతిలో లేకుండా పోతే వట్టి చేతులతో రావలసి వస్తుంది. సిలిండర్లు దింపిన రోజు రెండు పిస్టన్ల పైభాగాలూ, సిలిండరు గోడలూ వెలుతురులో స్పష్టంగా ఫోటో తీసి నాకు పంపు. అవి చూశాక మద్రాసు ఎప్పుడు పోవాలో చెబుతాను, ఇద్దరం కలిసే పోదాం. అక్కను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య