ముఖం చూసి ఒక్క మాట

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంట్లో మాట తగ్గిపోతోందన్న బాధతో రాసినవే. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. అటువంటి పరిస్థితి చాలా ఇళ్లలో ఉన్నా దాన్ని గురించి నోరు విప్పేవారు తక్కువ.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. రెండేళ్లుగా ఆయనకు వినికిడి తగ్గింది. ఏది చెప్పినా 'ఆఁ?' అంటారు. మూడోసారి చెప్పేసరికి మా గొంతులో విసుగు వచ్చేస్తోంది, ఆయన నొచ్చుకుని గదిలోకి వెళ్లిపోతున్నారు. 'కావలసినవైతే బాగానే వినపడతాయి' అని అమ్మ అంటుంది. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు ఫోన్ చేసినప్పుడు అమ్మే మాట్లాడి, నాన్నగారికి ఇవ్వకుండానే పెట్టేస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మగారు అన్న మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మాట ఎన్నో ఇళ్లలో వినిపిస్తుంది, దానివల్ల పెద్దవారికి జరిగే అన్యాయమూ చిన్నది కాదు. వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని ధ్వనులనూ ఒకే విధంగా తగ్గించదు. ముందుగా సన్నని ధ్వనులను, అంటే పౌనఃపున్యం ఎక్కువగా ఉన్నవాటిని తగ్గిస్తుంది. మాటలోని అచ్చులు నిండుగా ఉంటాయి కనుక అవి చెవికి చేరుతూనే ఉంటాయి, కానీ క, చ, త, ప, స వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసే సన్నని ధ్వని మాత్రం జారిపోతుంది. అందువల్ల 'పప్పు', 'తప్పు', 'కప్పు' అనే మూడు మాటలూ మీ నాన్నగారికి ఒకేలా వినిపించవచ్చు. ఎవరో మాట్లాడుతున్నారని ఆయనకు తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని చెప్పిన మాట అంది, మిక్సీ తిరుగుతుండగా వంటింట్లో నుంచి అన్న మాట అందకపోవడానికి కారణం ఇదే. కావలసినవే వింటున్నారని అమ్మగారికి అనిపించడం సహజమే, కానీ ఆయన వినగలిగినవే వింటున్నారు.

గట్టిగా అరిస్తే అచ్చులు మరింత పెద్దవవుతాయే గాని హల్లులు తేటపడవు. పైగా అరిచే మనిషి ముఖంలో కోపం కనిపిస్తుంది. మాట అందని మనిషికి ఆ కోపం మాత్రం సూటిగా అందుతుంది. కనుక ఇంట్లో అందరూ అలవాటు చేసుకోవలసినది అరవడం కాదు, దగ్గరకు వెళ్లడం. ముందుగా 'నాన్నగారూ' అని పిలిచి, ఆయన మీ వైపు తిరిగాక, మీ ముఖం మీద వెలుతురు పడేలా నిలబడి, మామూలు గొంతుతో కాస్త నిదానంగా చెప్పండి. టీవీ నడుస్తూ ఉంటే ఆపి చెప్పండి. మొదటిసారి అందకపోతే అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అనడానికి బదులు మాట మార్చి చెప్పండి: 'పప్పు వేయమంటారా' అన్నది అందకపోతే 'అన్నంలోకి ముద్దపప్పు పెట్టనా' అంటే చుట్టూ ఉన్న మాటలు అసలు మాటను పట్టిస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, 'ఏం లేదులెండి' అన్న మాటను మీ ఇంట్లో నుంచి పంపించివేయండి. మా అత్తగారికి చివరి ఆరేడేళ్లు వినికిడి చాలా తగ్గింది. అందరూ నవ్వుతుంటే ఆవిడ కూడా నవ్వి, ఆ తరువాత నా చెయ్యి పట్టుకుని 'ఏమన్నారే?' అని అడిగేవారు. పనిలో ఉన్నప్పుడు నేను కూడా 'ఏం లేదులెండి' అన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు. కొన్నాళ్లకు ఆవిడ అడగడం మానేశారు. నేను చేసిన ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది కనుకనే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక వైద్యం సంగతి. ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి. ఒక్కోసారి చెవిలో గుబిలి గట్టిపడి అడ్డుపడటమే కారణం కావచ్చు, దాన్ని వైద్యుడు సులువుగా తీసివేస్తారు. ఇంట్లో పిన్నీసులు, పుల్లలు పెట్టి తీయబోతే లోపలికి నెట్టినట్టవుతుంది. అది కాకపోతే ఆడియోగ్రామ్ పరీక్ష చేసి, ఏ ధ్వని ఎంత తగ్గిందో గీత గీసి చూపిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 25 శాతానికి పైగా మనుషులు రోజువారీ జీవితానికి ఇబ్బంది కలిగించేంత వినికిడి లోపంతో ఉన్నారు, కనుక ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. వినికిడి యంత్రం పెట్టిన మొదటి వారాలలో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు కూడా పెద్దగా వినిపించి, 'నాకిది వద్దు' అని తీసి బీరువాలో పెట్టేవారు చాలామంది. ఆ ధ్వనులకు మెదడు మళ్లీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రోజుకు గంటతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచమనండి. యంత్రాన్ని సరిచేయించడానికి రెండు మూడుసార్లు వెళ్లవలసి రావడం మామూలే. పట్టించుకోని వినికిడి లోపం మతిమరుపు జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచే కారణాలలో ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2017లో చెప్పింది, కనుక దీన్ని వాయిదా వేయకండి. ఎప్పుడైనా ఒక చెవి హఠాత్తుగా, ఒకటి రెండు రోజులలోనే వినపడకుండా పోతే మాత్రం అది వయసు వల్ల అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ ఉత్తరం చదివే వారిలో ఖర్చు భరించలేని కుటుంబాలు ఉంటే, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న వృద్ధులకు వినికిడి యంత్రాలతో సహా కొన్ని ఉపకరణాలను ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 నుంచి ఉంది. వృద్ధుల కోసం ఏర్పాటైన 14567 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

తమ్ముడి ఫోను విషయం ఇలా చేసి చూడండి. న్యూజెర్సీలో ఉదయం 8 గంటలైనప్పుడు మనకు అక్కడి వేసవిలో సాయంత్రం 5.30, చలికాలంలో 6.30 అవుతుంది. వారానికి ఒక రోజు ఆ సమయాన్ని నాన్నగారికే కేటాయించమని తమ్ముడితో చెప్పండి. పెదవుల కదలిక కనిపిస్తే అర్థం చేసుకోవడం సులువు కనుక వీడియో కాల్ చేయాలి, పెద్ద తెర ఉంటే మరీ మంచిది. 'బాగున్నారా, మందులు వేసుకున్నారా' అని అడిగితే జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. దానికి బదులు తన కొడుకు లెక్కల పుస్తకం తెరకు ఎదురుగా పట్టుకుని, 'నాన్నగారూ, దీన్ని మీరు బడిలో ఎలా చెప్పేవారు?' అని అడగమనండి. జీవితమంతా నలుగురికి చెప్పి బతికిన మనిషికి, తాను చెప్పేది వినేవారు ఒకరున్నారని తెలియడం వైద్యం చేయలేని మేలు చేస్తుంది.

ప్రశ్న: ఉద్యోగం హైదరాబాద్‌లో కనుక మాట మాటకు 'థాంక్స్' అనడం నాకు అలవాటైంది. మా అమ్మమ్మ అన్నం పెట్టినప్పుడు అలాగే అంటే, 'నాకెందుకు బిడ్డా గివన్నీ' అని చిన్నబుచ్చుకుంది. కృతజ్ఞత చెప్పడం తప్పా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పు కాదు, కానీ మీ అమ్మమ్మగారు చిన్నబుచ్చుకోవడంలోనూ న్యాయం ఉంది. ఆవిడ దృష్టిలో ఆ మాట పరాయివారి మధ్య లెక్క సరిపెట్టుకోవడానికి పనికివచ్చేది. మనవడికి అన్నం పెట్టడం లెక్కలోకి వచ్చేది కాదు. మన పెద్దవారు 'ధన్యవాదాలు' అనే మాటను సభలకు వదిలిపెట్టి, ఇంట్లో వేరే దారులు వెతుక్కున్నారు. మేలు పొందినవారు చిన్నవారైతే వండినదాన్ని మెచ్చుకుంటూ మారు వడ్డించుకునేవారు, పెద్దవారైతే 'చల్లగుండు నాయనా', 'నీ కడుపు చల్లగుండ' అని దీవించేవారు. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ రెండు అరటిపళ్లో, అవి లేకపోతే పిడికెడు పంచదారో వేసి పంపేది. బయలుదేరేటప్పుడు 'వెళ్తాను' అనకుండా 'వెళ్లొస్తాను' అనడం, మీ వైపు 'పోయొస్త' అనడం కూడా ఈ కోవలోనిదే. మళ్లీ వస్తానన్న మాట ఇవ్వకుండా గడప దాటడం మనవారికి ఇష్టం లేదు.

అందువల్ల బస్సులో చోటిచ్చిన వారికి, ఆఫీసులో సాయం చేసిన వారికి నిస్సంకోచంగా థాంక్స్ చెప్పండి. అమ్మమ్మగారి దగ్గర మాత్రం 'ఈ పచ్చిపులుసు హైదరాబాద్‌లో ఎక్కడా దొరకదు అమ్మమ్మా, ఇంకొంచెం పొయ్యి' అనండి. తిన్న తరువాత వెంటనే ఫోన్ పట్టుకోకుండా, ఆవిడ తినేటంత సేపూ పక్కన కూర్చోండి.

ప్రశ్న: మేము విజయవాడలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌కు వచ్చి ఏడాది అయింది. లిఫ్టులో అందరూ తల వంచుకుని ఫోన్లు చూసుకుంటారు. పలకరిస్తే ఏమనుకుంటారోనని నేను కూడా ఊరుకుంటున్నాను. పిల్లలకు ఇరుగుపొరుగు అంటే ఏమిటో తెలియకుండా పోతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లిఫ్టులో ఉండేది అర నిమిషం, అందులో స్నేహం కుదరదు. గేటు దగ్గర మొదలుపెట్టండి. వాచ్‌మన్ పేరు, ఆయన సొంత ఊరు తెలుసుకుని పిల్లలకు చెప్పండి, 'వాచ్‌మన్' అని కాకుండా వరస పెట్టి పిలవడం నేర్పండి. మీ ఊరి ఎండలకు ఏటా ఎంతోమంది వీధుల్లో చలివేంద్రాలు పెడతారు కదా. వచ్చే వేసవిలో రోహిణి కార్తె వరకు ఆగకుండా ఏప్రిల్‌లోనే మీ గేటు లోపల నీడలో ఒక కుండ, మూత, పొడవు కాడ ఉన్న గరిటె, శుభ్రమైన గ్లాసులు పెట్టించండి. పార్సిళ్లు తెచ్చే కుర్రవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవారు నీళ్లు తాగి వెళ్తారు. ఉదయం కుండ కడిగి నింపే పనిని మీ పిల్లలకు అప్పగించండి. వారం తిరిగేలోగా పై అంతస్తు పిల్లలు కూడా వచ్చి చేరుతారు, వారి కోసం తల్లిదండ్రులు దిగుతారు. అప్పుడు పలకరింపుకు కారణం వెతుక్కోనక్కరలేదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. మా వారు ఇంటికి వచ్చాక ఫోన్‌లోనే ఉంటారు. ఏ రోజు చూసినా ఒకేలా ఉంటుంది. పొద్దున్నే పక్క వాటాలోని పాప పారిజాతం పూలు ఏరుకోవడానికి వస్తుంది, ఆ తరువాత రాత్రి వరకు నాతో మాట్లాడేవారే ఉండరు. చిన్న చిన్న వాటిలో సంతోషం వెతుక్కోమని అందరూ చెబుతారు. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీరు రాసిన ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో ఒక్క విషయం ముందుగా అడగాలి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇదివరకు ఇష్టపడిన పని మీద కూడా మనసు పోకపోవడం ఉంటే, అది సంతోషం వెతుక్కోవడం చేతకాక వచ్చినది కాదు, చికిత్సతో తగ్గే జబ్బు కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఏ సమయంలోనైనా ఉచితంగా అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. దయచేసి ఫోన్ చేయండి.

మీ వారి సంగతికి వస్తే, 'మీరెప్పుడూ ఫోన్‌లోనే' అన్న మాట ఎన్నిసార్లు అన్నా ఫలితం ఉండదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రెండు కాఫీలు కలిపి వీధి అరుగు మీదకో మేడ మీదకో తీసుకువెళ్లి, 'ఇక్కడికి రండి' అని పిలవండి. రాకపోతే రెండు రోజులు ఆగి మళ్లీ పిలవండి. వచ్చిన రోజున ఇంటి ఖర్చులు, పిల్లల పెళ్లిళ్లు ఎత్తకుండా, ఆయన చిన్నప్పటి ఊరి గురించి ఒక్క ప్రశ్న అడగండి.

ఇక మీ ఉత్తరంలో ఫిర్యాదు లేని వాక్యం ఒకటే ఉంది, అది ఆ పాప గురించి రాసినది. పారిజాతం రాత్రి పూసి తెల్లవారేసరికి రాలిపోతుంది; మన ఆచారంలో నేల మీద రాలినదాన్ని ఏరి దేవుడికి పెట్టే పువ్వు అది. రేపు ఆ పాప వచ్చేసరికి మీరు కూడా చెట్టు కిందకు వెళ్లండి. నేల మీద పాత చీర పరచి ఉంచితే పూలకు మట్టి అంటదు. సూదీ దారం తీసుకువెళ్లి, ఆ నారింజ రంగు తొడిమ తెగకుండా దండ ఎలా గుచ్చాలో చూపించండి. ఆ పాప మిమ్మల్ని అత్తా అంటుందో, అమ్మమ్మా అంటుందో వచ్చే నెల ఉత్తరంలో నాకు రాయండి.