ఏ నాణెం ఇచ్చాడో రాయమ్మా

అమ్మాయ్,

నీ కథ నిన్న రాత్రి భోజనం అయ్యాక తెరిచా. పదకొండో పేజీ దాకా బానే వచ్చా, అక్కడ ఆగిపోయా. పొద్దున్నే కాఫీ తాగి మళ్ళీ మొదట్నించీ చదివా, మళ్ళీ అక్కడే ఆగా, ఈసారి కోపం కూడా వచ్చింది. నువ్వు రాసింది నీకే చూపిస్తా చూడు: "ఆట అయిపోయాక దొరగారు జేబులోంచి కొన్ని నాణేలు తీసి ఆ పిల్లాడి చేతిలో పెట్టారు."

కొన్ని నాణేలు ఏంటమ్మా? పదేళ్ళ పిల్లాడు పొద్దున్నించి ఆ ఇసుక దిబ్బల మీద ఎవరిదో గోల్ఫ్ బ్యాగు మోసి, గాలికి ఎదురు నడిచి, మోకాళ్ళ దాకా గడ్డిలో బంతులు వెతికి, ఆఖరికి చెయ్యి చాపితే ఆ చేతిలో ఏం పడిందో నీకు అక్కర్లేకపోయిందా? వాడు దాని కోసమే కదా వెళ్ళింది.

నువ్వు ఐర్లండ్‌లోనే ఉంటున్నావు. ఇప్పుడు పెద్దాయనైన ఆ పిల్లాడి కథ, నువ్వు పనిచేసే కేర్ హోమ్‌లో ఆయన మంచం పక్కన కూచుని విన్నావు. ఆయన లాహించ్ అనే సముద్రం పక్క ఊళ్ళో గోల్ఫ్ ఆడేవాళ్ళ బ్యాగులు మోసింది 1950ల్లో అని నువ్వే రాశావు. అప్పటి వాళ్ళ నాణేలు ఒక్కసారన్నా చేత్తో పట్టుకుని చూశావా? వాటి మీద రాజులూ లేరు రాణులూ లేరు. వాళ్ళకి సొంత ప్రభుత్వం వచ్చాక, కవి యేట్స్ ఛైర్మన్‌గా ఒక కమిటీ వేసి, పెర్సీ మెట్‌కాఫ్ అనే శిల్పి చేత బొమ్మలు చేయించి, 1928లో కొత్త నాణేలు తెచ్చారు. అన్నిటికీ ఒక పక్క హార్ప్ అనే తీగల వాయిద్యం, రెండో పక్క ఒక్కోదానికి ఒక్కో జీవం. ఫార్దింగ్ అంటే పావు పెన్నీ మీద అడవిపిట్ట, అరపెన్నీ మీద పందీ దాని పిల్లలూ, పెన్నీ మీద కోడీ పిల్లలూ, మూడు పెన్నీల బిళ్ళ మీద కుందేలు, ఆరు పెన్నీల మీద వేటకుక్క, షిల్లింగ్ మీద ఎద్దు, రెండు షిల్లింగుల మీద సాల్మన్ చేప, హాఫ్ క్రౌన్ అంటే రెండున్నర షిల్లింగుల మీద గుర్రం. గుప్పిట్లో పశువుల కొట్టం పట్టుకుని ఇంటికి పరిగెత్తిన పిల్లాడు దొరికితే నువ్వు "కొన్ని నాణేలు" అని రాసి పక్కకెళ్ళిపోయావు!

ఇంకోటి. ఆ గుర్రం బిళ్ళ విలువ ఎంతో నీకు పట్టుకునే దారి ఉంది. 1944లో ఐర్లండ్ ప్రభుత్వం పిల్లల అలవెన్స్ మొదలెట్టినప్పుడు ఇంట్లో మూడో బిడ్డ నించి ఒక్కో బిడ్డకి వారానికి రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు ఇచ్చారు. అంటే సరిగ్గా ఒక గుర్రం. ఒక పిల్లాణ్ణి వారం పాటు పెంచడానికి సర్కారు ఇస్తానన్న సాయం అది. నీ పెద్దాయన ఇంట్లో ఆరుగురు పిల్లలు అన్నావు. ఆయన ఎన్ని రౌండ్లు మోస్తే ఒక గుర్రం వచ్చేదో అడిగి ఒక్క లైను రాసి ఉంటే, పేదరికం గురించి నువ్వు రాసిన ఆ రెండు పేజీలు కొట్టేసినా ఏం పోదు.

ఇంత ఇదిగా ఎందుకు చెప్తున్నానంటే నేనూ మోశా. 1956 వేసవి, ఇంకా ఆంధ్రప్రదేశ్ అనేది పుట్టలేదు, నాకు పదకొండు నిండాయి. వాల్తేరులో సముద్రానికి దగ్గర్లోనే గోల్ఫ్ ఆడేవాళ్ళు. నీ పెద్దాయనా నేనూ ఇంచుమించు ఒక ఈడు వాళ్ళం, అదే వేసవిలో ఆయన ఆ సముద్రం పక్కన నేను ఈ సముద్రం పక్కన ఎవరివో కర్రలు భుజానేసుకుని నడిచాం అనుకుంటే నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. బంతి పడాల్సిన గుంట చుట్టూ మాకు వాళ్ళలాగ పచ్చటి గడ్డి గ్రీన్‌లు లేవు. ఇసుకలో నూనె కలిపి గట్టిగా పరిచేవాళ్ళు, వాటిని బ్రౌన్‌లు అనేవాళ్ళు. ఆట అయ్యాక దాని మీద అడుగుల గుర్తులు పోయేలా గోనె లాగడం కూడా మా పనే. ఇంటికెళ్ళాక కాళ్ళకి ఆ నూనె వాసన, మా అమ్మ కుంకుడు రసం పోసి రుద్దినా పోయేది కాదు.

కూలి బేడ. మధ్యలో మేస్త్రీ ఒకడు ఉండేవాడు, ఎవడికి ఏ బ్యాగు ఇవ్వాలో వాడే చెప్పేవాడు, బేడకి ఒక కాణీ వాడికి తియ్యాలి. బేడ అంటే రెండు అణాలు, ఎనిమిది కాణీలు, చేతికొచ్చేది ఏడు. మా కాణీ మీదా గుర్రం ఉండేది తెలుసా, 1950 తర్వాత వేసిన వాటి మీద. అణా మీదా బేడ మీదా ఎద్దు. అంతకు ముందువి మధ్యలో చిల్లు ఉన్న కాణీలు కూడా ఇంకా చెలామణిలో ఉండేవి, అవి దొరికితే మొలతాడుకి గుచ్చుకునేవాళ్ళం, ఎక్కడా జారిపోకుండా. మేస్త్రీకి చిల్లు కాణీ ఇస్తే తీసుకునేవాడు కాదు, గుర్రమే కావాలనేవాడు. విలువ రెండింటికీ ఒకటే. అయినా వాడికి గుర్రమే కావాలి, ఎందుకో నాకు ఈరోజుకీ తెలీదు.

ఇదంతా ఒక కథలో రాశా, 1970ల్లో. ఒక వారపత్రికకి పంపితే ఆర్నెల్లకి వేశారు. రైల్వే స్టేషన్ బుక్ స్టాల్‌లో కొనుక్కుని ప్లాట్‌ఫాం మీదే నిలబడి చదివా. బేడ లేదు, కాణీ లేదు, మేస్త్రీ కోత లేదు. ఆ తొమ్మిది లైన్లూ తీసేసి వాటి చోట "చాలీచాలని కూలి" అని రెండే మాటలు పెట్టారు. ఎడిటర్ గారిని కలవడానికి పనిగట్టుకుని వెళ్ళా. ఆయన నన్ను నిలబెట్టే మాట్లాడాడు. "కథంటే కథలా ఉండాలయ్యా, కిరాణా కొట్టు చిట్టాలా ఉంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు" అన్నాడు. నాకు ఎదురు చెప్పడం చేతకాలేదు. బయటకొచ్చి బస్సు ఎక్కాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి, ఈ యాభై ఏళ్ళ నించీ అవి నాలోనే ఉన్నాయి. అయ్యా, ఆ చిట్టాయే నా కథ. ఆ ఏడు కాణీల్లో ఎన్ని బియ్యానికి, ఎన్ని కిరసనాయిలుకి అని మా అమ్మ వేలి కణుపుల మీద లెక్కపెట్టుకునేది, ఆ వేళ్ళు తీసేసి నా కథలో ఇంకేం మిగిల్చావు?

ఆ తర్వాత వచ్చిన ఫ్యాషన్ ఇంకా ఘోరం. ఇప్పుడు బాల్యం గురించి రాసే ప్రతివాళ్ళూ వాన వాసన, అమ్మమ్మ ఆవకాయ, పొలం గట్టు, అంతే. చదివితే నోట్లో నీళ్ళూరతాయి గానీ ఆ ఇంట్లో ఎవరు సంపాదించారో, ఎవరు అప్పు చేశారో, ఆ ఆవకాయకి నూనె ఎవరు కొన్నారో ఒక్కళ్ళూ చెప్పరు. పోటీలకి జడ్జిగా కూచున్నప్పుడు ఇలాంటివి వందలు చదివా. నీ మొదటి నాలుగు పేజీలకి ఆ గాలి తగిలింది. సముద్రం అద్దంలా ఉందన్నావు, ఆ పక్కన ఉన్నది అట్లాంటిక్ తల్లీ, అది ఏ రోజు అద్దంలా ఉంటుంది? ఆ ఊళ్ళో గోల్ఫ్ ఆడేవాళ్ళు మబ్బు కంటే ముందు మేకల్ని చూస్తారని నువ్వే రాశావు, మేకలు క్లబ్ హౌస్ దగ్గరికి చేరితే వాన వస్తుందని గుర్తు అని. ఆ మేకల్ని ఉంచు. అద్దం తీసెయ్.

"దొరగారు" కూడా తీసెయ్. అది మా వాల్తేరు మాట, నీ కథలో దానికి చోటు లేదు. 1892లో అక్కడ గోల్ఫ్ మొదలెట్టింది లిమరిక్‌లో ఉన్న బ్లాక్ వాచ్ అనే బ్రిటిష్ సైన్యపు రెజిమెంట్ ఆఫీసర్లు, వాళ్ళని దొరలు అను, ఒప్పుకుంటా. 1950లకి వచ్చేసరికి అది ఐరిష్ వాళ్ళ సొంత దేశం. ఆడడానికి వచ్చేది డాక్టర్లు, లాయర్లు, వ్యాపారస్తులు, చర్చి ఫాదర్లు, వాళ్ళ మనుషులే. ఆదివారం పూజలో అందరూ ఒకే చర్చిలో మోకరిల్లుతారు, సోమవారం ఒకడి బ్యాగు ఇంకొకడి భుజం మీద ఉంటుంది. ఇది దొరా కూలీ కంటే చాలా చిక్కయిన సంగతి. ఆ పిల్లాడు ఆయన్ని ఏమని పిలిచేవాడో అడుగు, సర్ అనా, డాక్టర్ అనా, ఫాదర్ అనా. బ్యాగు ఫాదర్ గారిదైతే కూలి తగ్గిందని నోరు విప్పి అడగగలడా ఆ పిల్లాడు?

ఆ గోల్ఫ్ మైదానంలో డెల్ హోల్ అనే గుంట దగ్గర సీన్ గురించి. అక్కడ రెండు దిబ్బల మధ్య గ్రీన్ కనపడదని, ఏ వైపు కొట్టాలో తెలియడానికి దిబ్బ మీద తెల్ల రాయి పెడతారని, ఎదర నిలబడ్డ పిల్లలు ఎవరూ చూడకుండా బంతిని గుంటలోకి తోసేసి "పడింది సర్!" అని కేకేసేవాళ్ళని చక్కగా రాశావు. కానీ దాన్ని అల్లరి అన్నావు. అల్లరి కాదమ్మా. ఒక్క దెబ్బకి బంతి గుంటలో పడితే ఆయన సంబరంలో టిప్పు ఎక్కువ ఇస్తాడు, అందుకు. పిల్లాడు అక్కడ నిలబడి చేసేది లెక్క, ఈయన ఇచ్చే రకమా కాదా, నిన్న ఎవడన్నా ఇదే పని చేశాడా, వరసగా రెండు రోజులు చేస్తే అనుమానం వస్తుందా, గుంటలోకంటా తొయ్యాలా పక్కన పెడితే సరిపోతుందా. షిల్లింగ్ ఎద్దు రావాల్సిన చోట హాఫ్ క్రౌన్ గుర్రం వస్తుందా అన్నది వాడి బెంగ. ఆ అర నిమిషాన్ని రెండు పేజీలు రాయి. నేనయితే కథ అక్కడే మొదలెడతా.

ఆఖర్లో గోల్ఫ్ ఛాంపియన్ క్రిస్టీ ఓకానర్‌ని ఎందుకు తెచ్చావో అర్థమైంది. గాల్వేలో చిన్నప్పుడు బ్యాగులు మోసినవాడు, రైడర్ కప్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ వరసగా పదిసార్లు ఆడాడు, 1970లో ఒక్క టోర్నమెంట్‌కి 25,000 పౌండ్లు గెలిచాడు. గొప్పవాడే, కాదనను. కానీ నీ కథ ఆయనది కాదు. నీ పెద్దాయనతో పాటు ఆ షెడ్డు దగ్గర వరసలో నిలబడ్డ మిగతా పిల్లలు ఏమయ్యారు? ఆ 1950ల పదేళ్ళలో ఐర్లండ్ నించి దాదాపు 4 లక్షల మంది వలస పోయారు. హైస్కూల్ చదువు ఉచితం అయింది 1967లో గానీ కాదు, అప్పటికి వీళ్ళు పెద్దవాళ్ళయిపోయారు. లిమరిక్ వాళ్ళు ఆడడానికి వచ్చిన వెస్ట్ క్లేర్ రైలే ఆ పిల్లల్ని కూడా ఎక్కించుకుని పోయింది, 1961 జనవరిలో ఆ రైలు కూడా ఆపేశారు. వీళ్ళని వదిలేసి ఛాంపియన్‌తో ముగిస్తే చదివినవాడు ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసేస్తాడు. పీల్చుకోనివ్వకు. ఆ పేరా మొత్తం కొట్టెయ్.

ఒక్కటి మాత్రం నీ దగ్గర నేనే నేర్చుకున్నా. ఆయన్ని బాత్‌రూంకి నడిపించుకెళ్తుంటే కుడి భుజం కిందకి వంగి ఉంటుందని, నువ్వు పక్షవాతమేమో అనుకుని ఫైల్లో చూశావని, ఫైల్లో ఏమీ లేదని రాశావే, ఆ నాలుగు లైన్లు. చదివి లేచి వెళ్ళి అద్దం ముందు చొక్కా విప్పి నిలబడ్డా. నాది ఎడమది.

ఇంకేవో అడిగావు, ఏ పత్రికకి పంపాలి, ఐరిష్ మాటలు అలాగే ఉంచాలా అని. అవి తర్వాత చూద్దాం. ముందు ఒక పని చెయ్యి. పాత నాణేలు అమ్మే షాపు ఎన్నిస్‌లో లేకపోతే డబ్లిన్‌లో ఉంటుంది, సెలవు రోజు చూసుకుని వెళ్ళి ఒక హాఫ్ క్రౌన్ కొను, 1950ల్లోది దొరికితే మంచిది. పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టు. ఏమీ అడక్కు, నోట్సు తియ్యకు, ఫోన్లో రికార్డ్ చెయ్యకు. వేళ్ళు దాన్ని ఎలా తిప్పుతాయో చూడు, ముందు ఏ వైపు తడుముతాయో, హార్ప్ వైపా గుర్రం వైపా.

ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడుగు. అది నన్ను ఎవరూ అడగలేదు, అందుకే నేను ఎక్కడా రాయలేదు, ఆ తొమ్మిది లైన్లలో కూడా లేదు. ఆ వేసవిలో ఒకరోజు ఒకాయన బంతి సరుగుడు చెట్లలో పడిపోతే నేను వెతికి ఇచ్చా, కొత్త బంతి. ఆయన సంతోషపడి బేడ కాక ఇంకో బేడ ఇచ్చాడు, మేస్త్రీ చూడలేదు. అమ్మకి చెప్పలేదు. రోజూలాగే ఏడు కాణీలు ఇచ్చా. ఆమె రోజూలాగే కొంగున ముడేసుకుని, కణుపులు లెక్కపెట్టుకుని, ఇంటి ఖర్చుకి ఒక కాణీ తగ్గిందని కాసేపు అలా గుమ్మంలో కూచుంది. బేడ నా మొలలో ఉంది. దాంతో జీళ్ళు కొనుక్కున్నా, మా తమ్ముడికి కూడా పెట్టలేదు.

నీ పెద్దాయన వచ్చిందంతా వాళ్ళమ్మకే ఇచ్చేవాణ్ణని చెప్పాడని రాశావు. అంతా ఇచ్చాడా అని అడుగు. ఇచ్చాననే అంటాడు. కాసేపు ఆగి, ఆ గుర్రం ఇంకా ఆయన చేతిలో ఉండగానే, మళ్ళీ అడుగు.

ఉంటా,
మాస్టారు